సగం గీత

అద్దాల కొట్టాయన్ని వీధంతా భూతద్దం అంటుంది. మనిషి కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. గడియారం ఆగిపోతే దాన్ని చూడడు, నిన్న కొట్టుకు ఎవరెవరొచ్చారో గుర్తు చేసుకుంటాడు. అలాంటివాడు ఈ లోకంలో ఒక్క మనిషిని మాత్రం అనుమానించేవాడు కాదు. ఆ మనిషి బావ, అక్క మొగుడు. ఇద్దరూ కలిసి పెట్టిన కొట్టులో కోత బావది, బిగింపు తనది.

అద్దం కోయడమంటారు గానీ నిజానికి గీయడమే, పలక ఆ గీత వెంట విరుగుతుంది. కట్టర్‌కు నూనె రాసి, స్కేలు ఆనించి, ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకే ఊపులో, ఒకే బరువుతో లాగాలి. గీత మీద గీత పడకూడదు, మధ్యలో ఆగకూడదు. ఆగితే ఆ పలక మీద ఆశ వదులుకోవాల్సిందే. బావ లాగితే కిర్రుమనే చప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా పలికేది. భూతద్దానికి ఆ చప్పుడంటే ప్రాణం.

ఎండలు మొదలవుతుండగా ఓ పలక జారి బావ కుడి అరచెయ్యి తెగింది. కుట్లు వేశారు, గాయం మానింది, మచ్చ కూడా తెల్లబడింది. అయినా కట్టర్ పట్టుకుంటే చాలు, బావ పళ్లు బిగపట్టేవాడు. చొక్కా అంచు తగిలినా మంటనేవాడు. వేళ్లు కొయ్యబారేవి, భుజం చెవిదాకా లేచేది, గీత వంకర పోయేది. మూలనున్న బుట్ట పగిలిన ముక్కలతో నిండిపోయింది.

మానిన గాయానికి నొప్పేమిటి? భూతద్దం బుర్రలో ఈ ప్రశ్న దూరడమేమిటి, కాపురమే పెట్టేసింది. బావ వేరే కొట్టు పెట్టుకునే ఎత్తులో ఉన్నాడని, పలకలు పగలగొట్టి తన నోటితోనే పొమ్మనిపించుకోవాలని చూస్తున్నాడని తేల్చేశాడు. మరో కోత మనిషి కోసం చాటుగా వాకబు కూడా మొదలుపెట్టాడు. బావ కట్టర్ అందుకుంటే చాలు, ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాడు. చూసేకొద్దీ గీత వంకర పోయేది. వంకర పోయేకొద్దీ ఇంకాస్త దగ్గరికి జరిగేవాడు.

"దుప్పటి కూడా ఆ చేతి మీద పడనివ్వట్లేదురా" అంది అక్క ఓ మధ్యాహ్నం, క్యారేజీ విప్పుతూ. నువ్వూ కలిశావన్నమాట అనుకున్నాడు తమ్ముడు.

ఇక లాభం లేదనుకుని మర్నాడు ఉచ్చు పన్నాడు. బావ గుమ్మంలో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుండగా "బావా!" అని అరిచి తాళాల గుత్తి విసిరాడు. బావ కుడిచేత్తో టక్కున అందుకున్నాడు.

"దొరికావ్! ఇప్పుడు రాలేదేం నొప్పి?"

బావ చేతిలో ఉన్న తాళాల వంక వింతగా చూశాడు. చూస్తుండగానే వేళ్లు వణికాయి, గుత్తి కింద పడింది.

"పట్టింది నేను కాదురా. నన్ను అడక్కుండా చెయ్యే పట్టేసింది. ఆలోచించి పట్టమంటే నా వల్ల కాదు" అన్నాడు బావ. స్టూలు లాక్కుని కూలబడ్డాడు. "నీకు నా మీద నమ్మకం పోయిందని తెలుసు. నా చేతి మీద నాకే పోయింది, నిన్నేమంటాను?"

ఎవరికైనా మనసు కరిగేది. మనవాడు మాత్రం, ఎంత చక్కగా చెప్పాడో అనుకున్నాడు. అసలు సంగతి కనుక్కుందామని ఆ సాయంత్రం బావ వెంట, అతని చేతికి కసరత్తులు చేయించే ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి వెళ్లాడు.

"నటన కావచ్చంటారా?" అని బావ ఎదుటే అడిగేశాడు భూతద్దం.

ఆవిడకు కోపం రాలేదు. "గాయం మానింది, నరాలకే ఇంకా నమ్మకం కుదర్లేదు. చిన్నగా తగిలినా పెద్ద దెబ్బ తగిలినట్టు గోల చేస్తాయి. నొప్పి వస్తుందేమోనన్న బెదురుతో కండరాలు ముందే బిగుసుకుంటాయి. బిగిస్తే అదుపెక్కడ ఉంటుంది? ధ్యాస వేరేచోట ఉంటే అదే చెయ్యి తేలిగ్గా ఆడుతుంది. నెమ్మదిగా అలవాటు చేస్తే సర్దుకోవచ్చు, కాకపోతే తొందరపెట్టకూడదు" అంది. తర్వాత బావ వైపు తిరిగి, "పని చేసేటప్పుడు ఎవరైనా ఎదురుగా నిలబడి చూస్తుంటారా?" అని అడిగింది.

భూతద్దం చటుక్కున గోడ వైపు తిరిగాడు.

"లేదండీ" అన్నాడు బావ.

ఇన్నాళ్లూ బావ అబద్ధం కోసం కాపు కాసినవాడికి అబద్ధం దొరకనే దొరికింది. అది తన పరువు కాపాడటానికి ఆడిన అబద్ధం. దారి పొడవునా తలెత్తలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడంటే నమ్మండి.

మర్నాడు పొద్దున బావ కట్టర్‌కు నూనె రాస్తుంటే భూతద్దం లేచి బయటికెళ్లి, వీధి వైపు మొహం పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. మెడ వెనక్కి తిరగాలని ఎంత పీకిందో ఆ మెడకే తెలియాలి. గోళ్లు మోకాళ్లలో గుచ్చుకుంటున్నా కదల్లేదు.

కిర్రుమంది. సన్నగా, వణుకు లేకుండా, పాత చప్పుడే సగందాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

"సగమేరా" అన్నాడు బావ లోపల్నుంచి. "పలక పోయింది. కానీ సగందాకా తిన్నగానే వచ్చింది. వచ్చి చూస్తావా?"

"చూడక్కర్లేదులే బావా, విన్నాను" అన్నాడు భూతద్దం, వీధిలోకి చూస్తూనే. "ఇంకో పలక తీసుకో."