తెలెస్టాస్ తాత తుఫానులు

పారోస్ దీవిలో తెలెస్టాస్ తాత పద్యం ఎత్తుకుంటే ఏథెన్సు రేవులో ఓడలు హడలిపోయి తమంతట తామే లంగరు వేసుకునేవి. కాకి నీళ్లలో మునిగినా పద్యమే, దీపం చిటపటలాడినా పద్యమే, ఏ పద్యం చివర చూసినా తుఫానే. పెళ్లికి పిలిస్తే పెళ్లికూతురి తుమ్ములోనూ ఈదురుగాలి చూశాడు. అక్కడ మామూలుగా చెప్పిన మాట ఎవరూ వినరు. అదే మాట ఛందస్సులో చెబితే ఆకాశం ఒట్టేసినట్టే.

ఆ ఏడాది పడవవాడు ఫీడాన్‌కి మాత్రం వినే ఓపిక లేదు. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. రెండుసార్లూ అతను గుమ్మంలోనే ఉన్నాడు. దరిద్రం తన నీడలోనే ఉందని తేల్చుకుని, భార్య మిర్రీనేకి మళ్లీ నెలలు నిండగానే పడవలోకి జాడీలు ఎక్కించాడు.

"నువ్వు లేకపోతే నాకు భయం వెయ్యదా?" అందామె.

"నేనుంటే పోతారు, మిర్రీనే. ఈసారి నన్ను దూరంగా పోనీ."

రేవులో తాత అడ్డం నిలబడ్డాడు. "ఆగరా! మేక ఎడమచెవి గోక్కుంది," అని పద్యం అందుకున్నాడు.

"కృత్తికలు కుంగి తుఫానుల కాలం రావడానికి ఇంకా పదిహేను రోజులుంది తాతా! ఆకాశం అద్దంలా ఉంది!"

"అదే నా భయం. ఇంత నున్నగా ఉందంటే లోపలేదో పెట్టుకుంది."

అందరూ ఘొల్లున నవ్వారు. అయినా పద్యం పద్యమే. తెడ్లు వేసేవాళ్లు దిగిపోయారు.

మర్నాడు చీమలు గుడ్లు మోశాయి. ఆ మర్నాడు కొంగ ఒడ్డుకెగిరింది. "ఇవాళ్టి తుఫాను ఏ పూటకి తాతా? బట్టలు ఆరేసుకోవాలి," అని ఆడవాళ్లు ఆటపట్టించారు. ఫీడాన్ ఇసుకలో కూలబడ్డాడు. "వెళ్లనీ తాతా. మూడో బిడ్డని కూడా పాతిపెట్టలేను."

తాత ముక్కు చీది ఇంకో పద్యం ఎత్తుకున్నాడు.

ఐదో రోజు నొప్పులొచ్చాయి. మిర్రీనే గోళ్లు దిగేలా అతని చెయ్యి పట్టుకుని, "కదిలావో, చంపేస్తాను!" అంది. బిడ్డ ఒకసారి కేర్‌మని ఆగిపోయింది. ఫీడాన్ కళ్లు మూసుకున్నాడు. మళ్లీ మొదలైంది ఏడుపు, ఈసారి అందర్నీ తిడుతున్నట్టు.

ఆడపిల్ల. ఆ కబురు ఊరికి తెలిసేలా గుమ్మానికి ఉన్ని కట్టి, ఫీడాన్ పరుగున వెళ్లి తాత కాళ్ల మీద పడ్డాడు.

"ఎంత గండం తప్పించావు తాతా! ఆ తుఫాను నీ పద్యాలకు జడిసి దీవి వెనకనుంచి పోయిందట!"

తాత చేపముల్లు తీసి పక్కన పెట్టాడు.

"తుఫాను లేదు. ఐదు రోజులూ మంచి గాలే. నువ్వు ఇంటిదగ్గర ఉండాలని పద్యాలు నేనే కట్టాను. మూడోదాంట్లో ఛందస్సు కూడా తప్పింది."