కడిగి చంపిన మొక్కలు

మా పెద్దమ్మతో వాదనకు దిగేవాళ్ళను చూస్తే నాకు జాలి. ఇరవై రెండేళ్ళు గనిలో రాళ్ళు కడిగిన మనిషి ఆవిడ. తవ్వి తెచ్చిన రాయికి రవ్వంత మట్టి అంటుకున్నా మేస్త్రీ విసిరికొట్టేవాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. నేను తోమిన గిన్నెను మళ్ళీ తోమకుండా ఆవిడ వండిన రోజు లేదు.

గని మూతపడింది. కొండ పోయి మా వీధికి ఎదురుగా బూడిదరంగు రాళ్ళ దిబ్బ మిగిలింది. గాలి వీస్తే దుమ్మంతా మా కంచాల్లోకే. దాని మీద పైన్ చెట్లు పెంచుతామని కంపెనీ ఒక షెడ్డు వేసి, రాళ్ళు కడిగేవాళ్ళనే పనిలో పెట్టుకుంది. అక్కడే కొంప మునిగింది. మొక్కను సంచిలోంచి తీస్తే వేళ్ళకు తెల్లటి బూజు కనిపించేది. మావాళ్ళ చేతులు ఊరుకుంటాయా? పైపు పెట్టి కడిగి మరీ నాటారు. అందరికంటే శుభ్రంగా కడిగింది పెద్దమ్మే. నాలుగు వేల మొక్కలు నెల తిరిగేసరికి ఎర్రబడి చచ్చాయి.

ఆ దిబ్బ ఇక దేనికీ పనికిరాదు, పట్నం చెత్త పోసుకోవడానికి ఇచ్చేస్తామంది కంపెనీ. ఏడాదిలో అటవీశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం పెడితే చాలు, మా గుమ్మం ముందే చెత్త. షెడ్డుకు తాళం పడింది.

పెద్దమ్మ మాత్రం వెళ్ళి చచ్చిన మొక్కలన్నీ పీకి చూసింది. వాటి మధ్య పదకొండు మాత్రం బతికున్నాయి. అవి తొందరలో కడగకుండా నాటేసినవి. ఆ సాయంత్రం ఆవిడ అన్నం ముట్టలేదు.

"నేనే చంపానే వాటిని," అంది. "ఆ బూజు ఉన్నవే బతికాయి. వాటికి తిండి పెట్టేది అదే. రోగమనుకుని కడిగి పారేశాను."

"అయితే ఇప్పుడు ఏడుస్తూ కూర్చుంటావా?"

"ఏడవడానికి నాకేం ఖర్మే? పార ఎక్కడ పెట్టావు?"

అవతలి లోయలోని పాత పైన్ తోపు కింద అదే బూజున్న మట్టి తవ్వి బకెట్లతో మోసుకొచ్చింది. నాటగా మిగిలి షెడ్డు వెనక పారేసిన మూడు వందల మొక్కలకు తలా గుప్పెడు వేసింది. వానలు పడగానే గునపంతో గుంటలు తీసి నాటింది. వీధిలో అందరూ నవ్వారు. నవ్వే నోళ్ళలో దుమ్ము పడుతోందని కూడా చూసుకోలేదు, వెధవలు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ పట్టించుకుంటేగా!

ఏడాది తిరిగాక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. జీపు కిందే వదిలేసి, కాగితం పట్టుకుని రొప్పుతూ ఎక్కాడు. మోకాలెత్తు పచ్చటి మొక్కలను చూసి ఆగాడు.

"ఇంత దిబ్బ మీద ఇవేనా అమ్మా? వీటిని చూసి దిబ్బ బాగుపడిందని ఎలా రాయమంటారు?"

"రాయొద్దు బాబూ. మొక్కలు బతికాయని రాయండి చాలు. బతికున్న చెట్టు కొట్టాలంటే ఎవరిని అడగాలి?"

"మా ఆఫీసునే. అంత తేలిగ్గా ఇవ్వరు." అతను చెమట తుడుచుకున్నాడు. "అయినా ఇంత జాగా ఉండగా, రాయిలా గట్టిపడ్డ దారి మీద నాటారేంటి? నా జీపు కూడా పైకి రాలేదు."

"చెత్త లారీలు మరెటు నుంచి వస్తాయి బాబూ?"

అతను అటూ ఇటూ చూశాడు. రెండు వైపులా నిట్టనిలువుగా రాళ్ళు. ఉన్నది ఆ ఒక్క దారే. కాగితం మోకాలి మీద పెట్టుకుని, 'పనికిరాదు' అన్న మాట కొట్టేసి, బతికినవెన్నని అడిగాడు.

"రెండు వందల ఎనభై ఆరు," అంది పెద్దమ్మ. "అక్షరాల్లో కూడా రాయండి."