లే అన్న మాట

కత్తెరక్క కాలు కుదురుగా ఉండదు. ఆస్పత్రి దుప్పట్ల గదిలో ఇరవై రెండేళ్లుగా కుట్టుమిషను తొక్కిన కాలది. ఎదురుగా మిషను లేకపోయినా గాలినే కుడుతూ ఉంటుంది. ఆ ఉదయం పరీక్ష హాల్లో బెంచీ మీద కూర్చున్నా అదే పని.

"ఆపు వదినా. బెంచీ ఊగుతోంది," అంది పక్కనున్న ఆడపడుచు. ఆవిడ బస్సు కండక్టరు.

"కాలు ఆపితే గుండె తొక్కడం మొదలెడుతుందే."

"తొక్కనీ. నన్ను మాత్రం మెల్లగా పడెయ్, మధ్యాహ్నం డ్యూటీ ఉంది. ఆడపడుచుని పడేస్తే సర్టిఫికెట్టిచ్చే విద్య లోకంలో ఇదొక్కటే అయ్యుంటుంది."

విద్య పేరు వోవినామ్. వియత్నాంలో పుట్టింది. ఓడలో వంటవాడిగా తిరిగిన మాస్టారు అక్కడి రేవులో నేర్చుకొచ్చి, టైర్ల కొట్టు పైగదిలో చెప్పేవాడు. గాల్లోకి ఎగిరి, రెండు కాళ్ల మధ్య ఎదుటి మనిషి నడుము ఇరికించి, మెలితిప్పి పడేయడం అందులో పెద్ద పట్టు. గుడ్డ కత్తిరించే చేతులున్న మనిషికి కాళ్లు కూడా కత్తెరలయ్యాయి. ఆ పేరు అలా అంటుకుంది.

మాస్టారు పోయాక పదిహేనుమంది ఆడవాళ్లకు ఆమే నేర్పుతోంది. ఈమధ్యే వోవినామ్ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, పసుపు బెల్టు లేనివాళ్లు క్లాసు నడపకూడదని. ఇవాళ తప్పితే పైగదికి తాళమే. పరీక్ష పెట్టడానికి ఆ దేశం నుంచే ఒక పెద్దాయన వచ్చాడు.

మాస్టారు నేర్పిన ఆజ్ఞలన్నీ నోరు తిరగనివే. ఒక్కటి మాత్రం ఇంట్లో మాటలా ఉండేది. అందరినీ నేలమీద కూర్చోబెట్టి "లే" అనేవాడు. లేచి, కుడి అరచేయి గుండెమీద పెట్టి వంగేవాళ్లు. పాపం, ఈ ఒక్కటీ మనకోసం తెలుగులో చెబుతున్నాడనుకుంది పదకొండేళ్లు.

పిలుపొచ్చింది. కత్తెరక్క పరిగెత్తి ఎగిరింది. ఆగలేని ఆ కాలు అర క్షణం ముందే లేచింది. ఆడపడుచు పడకుండా చతికిలబడింది. కత్తెరక్క ఎడమ మోకాలి మీద పడింది. కళ్లముందు పైకప్పు రేకులు తెల్లటి నీళ్లలా కదిలాయి.

పెద్దాయన కలానికి మూత పెట్టి, వరసలో నిలబడ్డవాళ్ల వైపు తిరిగాడు. ముగింపు ఆజ్ఞ ఇచ్చాడు.

"న్యెమ్." అందరూ బిగిశారు. "లే."

కత్తెరక్క లేచింది. ముందు మోచేయి, తర్వాత నడుము, ఆ తర్వాత మండుతున్న మోకాలు. ఒక్కో కుట్టూ వేసుకుంటున్నట్టు లేచి, గుండెమీద చేయి పెట్టి వంగింది.

పెద్దాయన ఏదో అడిగాడు. మాటలు అటూ ఇటూ చేర్చే అమ్మాయి చెప్పింది: "కూర్చునే చేయొచ్చు కదా, అంత కష్టపడి ఎందుకు లేచారంటున్నారు."

"ఆయనే కదమ్మా లే అన్నాడు?"

అమ్మాయి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "అక్కా, వాళ్ల భాషలో దానర్థం వందనం."

"అదేంటి! మరి మేం లేచేవాళ్లం కదా?"

"లేచి వందనమే కదా పెట్టేది. మీరు ఏ మాట అనుకుని లేస్తున్నారో మీ మాస్టారికి తెలిసుండదు."

సంగతి విని పెద్దాయన కత్తెరక్క మోకాలి వైపు చూశాడు. కలం మూత మళ్లీ తీశాడు.

"మోకాలు ఆడుతోందా అంటున్నారక్కా. ఆడితే ఇంకోసారి చేయమంటున్నారు."

"అది ఆడకుండా ఎప్పుడుంది?"

"రా వదినా, నాకు బస్సు టైమవుతోంది," అని కాళ్లు ఎడం చేసి నిలబడింది ఆడపడుచు.

ఈసారి కాలు కత్తెరక్క కోసం ఆగింది. నడుము రెండు కాళ్ల మధ్య చిక్కింది, లోకం ఓసారి పక్కకు తిరిగింది, ఇద్దరూ చాపమీద శుభ్రంగా వెల్లకిలా పడ్డారు. కలం కాగితం మీద గరగరలాడింది. అమ్మాయి సంచిలోంచి పసుపు బెల్టు తీసింది.

"లేద్దామా?" అంది ఆడపడుచు.

"ఉండవే. ఇంకా ఎవరూ అనలేదుగా."

పడుకునే ఉంది కత్తెరక్క. పాదం మాత్రం గాలిని తొక్కడం మొదలుపెట్టింది.