గోలీ మింగని దీక్ష

బైపాస్ తర్వాత లయ తప్పిన గుండె, సర్దుకున్నట్టే నటించి ఏళ్ల తర్వాత మళ్లీ తిరగబడుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇది అన్యాయం. దీనికి నా సొంత తెలివి తోడై, ఊరంతా చూస్తుండగా నేను బతికుండగానే నాకు జోహార్లు పడ్డాయి. నవ్వేవాళ్లు నవ్వండి, నాకు ఓపిక లేదు.

సిద్దిపేటలో మగ్గం నేసి బతికినవాణ్ణి. బడి మొహం సరిగా చూడలేదు గానీ, పొట్లం కట్టిన కాగితం కూడా చదవకుండా పారేయలేదు. ఆపరేషన్ అయిన కొత్తలో నా గుండె, అటూ ఇటూ దారం మోసే నాడె ఇరుక్కున్న మగ్గంలా ఎగిరెగిరి కొట్టుకుంది. తర్వాత దారికొచ్చింది. లయ తప్పకుండా, నెత్తురు గడ్డకట్టకుండా రోజూ గోలీలు మింగమన్నారు. మింగాను.

కొన్నేళ్లకు తెలంగాణ ఉద్యమం ముదిరింది. బస్టాండు దగ్గర టెంటు, రిలే దీక్షలు. రోజుకో ఊరివాళ్లు పొద్దున కూర్చుని సాయంత్రం నిమ్మరసంతో లేవాలి. ఒకనాడు మిరుదొడ్డివాళ్లలో ఒకరు తగ్గారని కూర్చున్న నేను, ఇక రోజూ టెంటు గుంజలా అక్కడే పాతుకుపోయాను.

నా భార్య నర్సవ్వ గోలీలు పట్టుకుని వచ్చింది.

"ఏస్కో."

"దీక్షల ఉన్న. నోట్లె ఏది పడ్డా దీక్ష పోతది."

"గోలీ ఏమన్న బువ్వనా? గది మింగితె తెలంగాణ ఆగుతదా?"

"నేను దవుడ కదిలిస్తె చాలు, ముసలోడు సాటుకు తింటుండని అంటరు."

"మరి పొద్దుమీకి నిమ్మరసం తాగినంక ఏస్కో."

"పొద్దటి గోలీ పొద్దుమీకి ఏస్తె ఇషమైతది. నీకు తెల్వదు, నేను సదివిన."

ఎక్కడ చదివానని అడగకండి. ఎక్కడా చదవలేదు.

గోలీలు మానినా గుండె బాగానే ఉందనిపించింది. నా పట్టుదలకు రోగమే భయపడిందనుకున్నాను. కొన్నాళ్లకు గుండె ఉన్నట్టుండి ఉరుకు మొదలుపెట్టింది. పక్కన కూర్చున్న దర్జీ జబ్బార్‌కు చెయ్యి చాపాను.

"జబ్బార్, సూడు, ఉద్యమం నా నెత్తురుల ఎట్ల ఉరుకుతుందో!"

అతను నాడి పట్టి మొహం చిట్లించాడు. "అన్నా, గిది ఉద్యమం కాదే, పెండ్లి బారాతు. తలా ఒక దిక్కు ఎగురుతున్నరు. దవాఖానకు నడువ్."

"మైకు ఇయ్యి ముందు."

మైకు పట్టుకున్నాను. నాలుగు మాటలకే నాలుక మడతపడింది. జనం చప్పట్లు కొట్టారు. కుడిచేతిలోంచి మైకు జారింది. ఆవేశం పట్టలేకపోతున్నాడని ఇంకా గట్టిగా కొట్టారు. నేను కూలబడేసరికి ఎవడో పుణ్యాత్ముడు "జోహార్!" అన్నాడు, అందరూ అందుకున్నారు. నోరు పెగలక, నా చావును నేనే విన్నాను.

"అరే, అది సచ్చినోళ్లకంటరు! ఆపున్రి! ఆటో తెండ్రి!" అని జబ్బార్ అరవకపోతే దండ కూడా వేసేవాళ్లే.

గుండెలో నెత్తురు గడ్డకట్టి మెదడుకు పోయిందన్నారు. చాలా నెలలకు గానీ మాట తిరిగి రాలేదు. చెయ్యి ఇప్పటికీ సగమే నాది. రాష్ట్రం వచ్చింది, లయ రాలేదు. నాలుగు మెట్లెక్కితే కూర్చుంటాను. మందులు, నెత్తురు పరీక్షలు, మళ్లీ మందులు. ఇందుమూలంగా సమస్త ప్రజలకూ ప్రతిజ్ఞాపూర్వకంగా తెలియజేస్తున్నాను: ఇక రాష్ట్రం కోసం గానీ, దేశం కోసం గానీ, దేవుడి కోసం గానీ గోలీ మానను.

అయినా అన్యాయం అన్యాయమే కదా? పట్నం పోయి, నాకు ఆపరేషన్ చేసిన డాక్టరునే పట్టుకుని అడిగాను. "లయ మళ్ల తప్పుతదని, గోలీ ఇడిస్తె మాట పడిపోతదని, ఒక్క ముక్క ఎందుకు చెప్పలె సారూ?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, చాలా నెమ్మదిగా అన్నాడు:

"పెద్దాయనా, నిన్ను ఇంటికి పంపే రోజు గదే చెబ్దామని నీ మంచం కాడికి వచ్చిన. గుండె ఎట్ల పనిచేస్తదో నువ్వే నాకు చెప్పవడితివి. నడుమ నోరు తెరిస్తె 'ఆగు సారూ, ఇంక అయిపోలే' అంటివి. ఇప్పుడన్న అయిపోయిందా? చెప్పాల్నా?"