అక్కకు కలవని మూలుగ

ఐదు రోజుల ఇంజెక్షన్లకు బస్సు డిపో మెకానిక్ ఒళ్లు హూనమైపోయింది. ఎముకల మూలుగలోని కణాలు రక్తంలోకి రావాలని ఇచ్చారవి. నడుములో ఎవరో స్పానరు పెట్టి బిగిస్తున్నట్టుంది. ఇంకాసేపట్లో మిషన్ పక్కన నాలుగైదు గంటలు పడుకుని ఆ కణాలు ఇవ్వాలి. ఎవరికో తెలియదు, అడిగినా చెప్పరు.

మూడేళ్ల క్రితం అక్కకు బ్లడ్ క్యాన్సరని తెలిసినప్పుడు తన మూలుగ ఇస్తానని పరీక్షకు అందరికంటే ముందు చెయ్యి చాపింది అతనే. ఒక కడుపున పుట్టినవాళ్లకు కలవకపోవడమేమిటని డాక్టరు మీద ఎగిరాడు కూడా. కలవలేదు. బయటివాళ్ల కోసం వెతుకుతుంటే, మనమూ ఇవ్వాలి కదా అని దాతల జాబితాలో తన పేరూ రాయించాడు. ఎవరూ దొరక్కుండానే అక్క పోయింది.

పోయిన నెల ఫోనొచ్చింది. ఎవరో పేషెంటుకు అతనిది అచ్చుగుద్దినట్టు కలిసిందట.

“మా అక్కేం పాపం చేసింది?” అని ఫోను పెట్టేశాడు. మూడోరోజు తనే ఫోన్ చేసి వస్తానన్నాడు.

ఆసుపత్రి కౌంటరులో అమ్మాయి ఫారం నింపుతోంది.

“పేషెంటుకి మీరేమవుతారండీ?”

అక్క పరీక్షలప్పుడు ఇదే ప్రశ్నకు ‘సొంత తమ్ముణ్ణి’ అని గట్టిగా చెప్పాడు. ఆ మాట ఎందుకూ కొరగాలేదు.

“ఏమీ కానమ్మా,” అన్నాడు విసుగ్గా. “ఏదో ఒకటి రాసెయ్, నిలబడలేకపోతున్నా.”

తోడొచ్చిన బావ, అక్క భర్త, వెనకే నిలబడి వింటున్నాడు. కౌంటరు దగ్గరికి జరిగి మెల్లగా అన్నాడు.

“తమ్ముడని రాయండి.”