నేను చేరకముందే కుదిరిన స్నేహం

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, మొయినాబాదులో మిషన్ బడి పంతులు. ఊళ్ళో ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు రోజు ఏం తిన్నారని అడిగేవాడు. అలాంటి మనిషి పెంపకం నాది. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. వింటే నవ్వుతారు, నవ్వినా నాకు కోపం రాదు.

అవి యుద్ధం రోజులు. హైదరాబాదులో ఆడపిల్లల కాలేజీలో యూనివర్సిటీ చదువుకు నాకు చోటు దొరికింది. బాపు వెళ్ళి పేరు రాయించి వచ్చాడు. ఆ వారమే నాకు టైఫాయిడ్ వచ్చింది. దవాఖానకు దగ్గరని చేవెళ్లలో అమ్మమ్మ ఇంట్లో పడుకోబెట్టారు. తగ్గడం, తిరగబెట్టడం, మళ్ళీ తగ్గడం, ఇలా ఐదు నెలలు గడిచాయి. ఆ ఐదు నెలల్లో నేను చేవెళ్ల దాటలేదు. మంచం దిగడమే గగనమైంది. మందిచ్చిన డాక్టరుకూ తెలుసు ఆ సంగతి.

క్రిస్మస్ వెళ్ళాక బాపు నన్ను బస్సులో తీసుకెళ్ళాడు. దారి పొడుగునా నాది ఒకటే బెంగ. పాఠాలు ఎలాగో అందుకుంటాను. కానీ అప్పటికే అందరికీ జతలు కుదిరిపోయి ఉంటాయి. అన్నాల దగ్గర నా పక్కన ఎవరు కూర్చుంటారు? నేను వచ్చి కూర్చుంటే లేచి పోయే పిల్లలను చిన్నప్పుడే చూశాను.

హాస్టలు గుమ్మంలో ఆయా నా చేతిలోని పెట్టె అందుకుంది.

"పెట్టె ఇప్పుడు తెచ్చుకున్నవా బిడ్డా," అంది.

ఎవరనుకుందోలే అనుకుని లోపలికి వెళ్ళాను. భోజనాల గదిలో ఒక అమ్మాయి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పరిగి నుంచి వచ్చిన అనసూయ.

"వచ్చినవా ఎస్తేరు. నా పక్క పీట మీద ఎవ్వర్ని కూసోనియ్యలే," అంది.

ఆ పిల్లను అంతకుముందు నేనెన్నడూ చూడలేదు.

పేరు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. కానీ మా మేకను దొరసాని అని పిలుస్తామని ఆమెకు తెలుసు. నేను కాకరకాయ ముట్టనని తెలుసు. వానాకాలమంతా సాయంత్రాలు బట్టలుతికే బండ మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నామట. ఆయా కూడా చూశానంది. మిగతా పిల్లలెవరూ చూడలేదు.

అది నేను కాదని చెప్పడానికే నోరు తెరిచాను. పక్కన పీట ఖాళీగా ఉంది. కూర్చున్నాను. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ జరిగింది అది.

అలాగని ఊరుకోలేదు. గుమాస్తాను బతిమాలి హాజరు పట్టీ చూశాను. మొదటి రోజు నుంచీ నా పేరు ఎదుట అన్నీ గైర్హాజరే. నా బదులు ఇంకెవరో పలికారనుకోవడానికీ లేదు. నాకు అక్కచెల్లెళ్ళు లేరు, నా పోలికలున్న చుట్టాల పిల్లలూ లేరు.

ఒకరోజు అనసూయ తన చేతిరుమాలు చూపించింది. నేనే కుట్టిచ్చానట. మా అమ్మది ఎడమచేతి వాటం, ఆమె కుట్టు అందరిలా కాక ఎదురువైపు వాలుతుంది. నాకు తప్ప ఎవరికీ నేర్పలేదు. ఆ రుమాలు మీద అదే కుట్టు ఉంది. సెలవులకు మొయినాబాదు తీసుకెళ్ళి అమ్మకు చూపించాను. వెలుతురులో పట్టి చూసింది.

"నీ కుట్టే. గీ మూలకాడ జర తొందరవడ్డవ్," అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

నీకు జ్వరం సాయంత్రాలే పెరిగేది, ఒంటి మీద తెలివి ఉండేది కాదు అని తర్వాత అమ్మమ్మ చెప్పింది. తెలివి లేని మనిషి సూదిలో దారం ఎక్కిస్తుందా? నాకు అర్థం కాలేదు.

నన్ను లోలోపల తొలిచింది మాత్రం వేరే సంగతి. ఆ వానాకాలంలోనే అనసూయ తల్లి చనిపోయిందట. దినాలకు వెళ్ళి వచ్చాక ఈ పిల్ల అన్నం మానేసిందట.

"నువ్వొక్క మాట చెప్పినవ్, లేశి తిన్న. లేకుంటే నేనేడ ఉండేదాన్నో," అనేది ఎప్పుడూ.

ఏం మాటో నాకు తెలియదు. అడిగితే ఆ మనిషి నేను కాదని బయటపడుతుంది. నాకున్న ఒక్క స్నేహితురాలు పోతుంది. రెండేళ్ళు ఒకే దుప్పట్లో పడుకున్నాం, ఒకే పుస్తకం చదివాం, అయినా అడగలేదు. ఎవరో సంపాదించి పెట్టింది నేను తింటున్నానని దిగులు. ఆ ఎవరో మీద అసూయ కూడా. ఆమెకు ఒక్క మాటతో మనిషిని లేపడం వచ్చు, నాకు రాదు.

చదువు చివరి ఏడు మా అమ్మ పోయింది. మూడో రోజు అనసూయ మొయినాబాదు వచ్చింది. ఏమీ తినకుండా పడి ఉన్న నా ముందు కంచం పెట్టుకుని కూర్చుంది. నాకు ఇక దాచే ఓపిక లేకపోయింది. అది నేను కాదు, అప్పుడు నేను చేవెళ్లలో మంచం మీద ఉన్నాను, నీకేం చెప్పానో నాకు తెలియదు అని ఏడుస్తూ చెప్పేశాను. మా స్నేహం ఆ రోజుతో సరి అనుకున్నాను.

అనసూయ ఆశ్చర్యపోలేదు. పప్పన్నం కలుపుతూనే ఉంది.

"గది నాకెరికే. నువ్వు చెప్పిన మాట గదే గద. నేనింకా రాలే అనసూయా, పానం బాగైనంక వస్త, నేనొచ్చేదాంక తినుకుంట ఉండు అన్నవ్," అంది.

ముద్ద నోటికి అందించింది. తిన్నాను.

ఆ మాట అన్నట్టు నాకు ఏ కోశానా గుర్తు లేదు. ఎలా అన్నానో, అసలు అన్నానో లేదో, ఈ రోజుకీ చెప్పలేను. అన్నది నేనే అయితే మాత్రం, మాట తప్పలేదు.