గోధుమరంగు కుక్కకు ఛార్జిషీటు

మా వీధిలో అందరూ రిటైరైనవాళ్లే గాని, నిజంగా రిటైరైనవాడు ఒక్కడూ లేడు. రైల్వేలో పనిచేసి దిగినవాళ్లంతా గుంతకల్లు ఊరి చివర పక్కపక్కనే ఇళ్లు కట్టుకున్న వీధి మాది. పక్కింటి డ్రైవరన్న ముప్ఫై ఏళ్లు ఇంజన్ నడిపాడు. ఇప్పటికీ దూరంగా హారన్ వినబడితే చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని, "వీడెవడో కొత్తోడు, హారన్ కొట్టేదే రాదు" అంటాడు. వెనకింటి స్టేషన్ మాస్టరు గారు, నీళ్ల ట్యాంకరు పది నిమిషాలు ఆలస్యంగా వస్తే కారణం రాసివ్వమంటారు. ఇక నేను. టికెట్ కౌంటర్లో ఇరవై తొమ్మిదేళ్లు కూర్చున్నదాన్ని. ఎవరేం అడిగినా ముందు లేదనడం, తర్వాత చిల్లర ఇమ్మనడం నాకు అలవాటైపోయింది. మనిషి మొహం చూస్తే చాలు, చెప్పేది నిజమో అబద్ధమో పట్టేస్తానని నాకో గర్వం ఉండేది. ఆ గర్వం ఎలా దిగిందో చెప్పడానికే ఇదంతా.

మా ఇంట్లో ఒక కుక్క ఉంది. నేను తెచ్చి పెంచింది కాదు. నాలుగేళ్ల కిందట కూరగాయల మార్కెట్టు నుంచి నా వెంటబడి వచ్చి, వరండాలో పడుకుని, పొమ్మంటే పోలేదు. గోధుమరంగు, నిక్కిన చెవులు, జిలేబీలా చుట్టుకున్న తోక. మెడకు పట్టీ లేదు, పేరూ లేదు. మావాడు అంటాను, అంతే. ఉత్త రాగిసంగటి పెడితే నా మొహం చూస్తాడు, చెనక్కాయ చట్నీ కలిపితే గాని తినడు. మా ఆయన పోయినప్పటి నుంచి ఇంట్లో తిట్టడానికి మనిషి లేక నా నోరు తుప్పు పట్టిపోతుండేది. వీడొచ్చాక ఆ కొరత తీరింది. పొద్దున లేచింది మొదలు తిడతాను, వాడు తల ఒక పక్కకు వంచి వింటాడు. వాడంటే నాకు ప్రాణం. ఈ మాట వాడికి తప్ప అందరికీ చెప్పాను.

డ్రైవరన్నది లాబ్రడార్ ఆడకుక్క, లేత పసుపు రంగు. పోయినేడు దాన్ని అనంతపురం తీసుకుపోయి, వంశవృక్షం కాగితాలతో సహా ఉన్న ఒక మగకుక్కతో జత కట్టించి తెచ్చాడు. సంబంధం కుదిరిన ఇంటి హడావుడే అది. పుట్టబోయే పిల్లల్ని అప్పుడే నలుగురు అడిగి పెట్టుకున్నారు. ఐదు పుట్టాయి. ముద్దుగా, తల్లి రంగులోనే, నున్నటి వెంట్రుకలతో ఉన్నాయి. నెల దాటేసరికి మాత్రం తోకలు మెల్లగా పైకి లేచి వంపు తిరగడం మొదలుపెట్టాయి. మూతులు సన్నబడ్డాయి, చెవులు సగం నిక్కాయి. అడిగి పెట్టుకున్నవాళ్లు వచ్చి చూసి, కాఫీ తాగి, మళ్లీ కనబడలేదు.

ఒక ఉదయం డ్రైవరన్న నా గేటు ముందుకొచ్చాడు. చేతిలో ఒక కుక్కపిల్ల.

"అక్కా, దీని తోక చూడు. మళ్ల నీ వరండాలో పండుకోనుండే వాని తోక చూడు. నేను వేరే చెప్పాల్సిన పనే లేదు."

"తోక వంకరుంటే మావాని పిల్లేనా అన్నా? గుంతకల్లులో వంకర తోక లేని కుక్క యాడుండాదో నువ్వే చూపీ."

"మా గోడ పక్కన ఉండేది ఇదొక్కటే గదా!"

"మావాడు అట్లాటోడు కాదు. నీ కుక్కను నువ్వు కాసుకోలేక నామీద పడతాండావు."

గొంతు పెంచి అన్నాను గాని లోపల గుబులే. ఆ జతకట్టించిన రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మావాడు చెవి చీలి, ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని, కుంటుకుంటూ వచ్చాడు. నా మొహం కూడా చూడకుండా మంచం కిందికి దూరాడు. ఇరవై తొమ్మిదేళ్ల కౌంటర్ అనుభవంతో చెబుతున్నా, అది తప్పు చేసినవాడి మొహమే. గుమ్మడికాయల దొంగ ఎవరని డ్రైవరన్న అడగకముందే నేను భుజాలు తడుముకుంటున్నాను.

ఇంకో వీధిలో అయితే నాలుగు మాటలు అనుకుని వారం పాటు మొహాలు తిప్పుకునేవాళ్లం. మాది రైల్వే వీధి. సంగతి మాస్టరు గారి చెవిన పడింది. రిటైరై ఆరేళ్లయినా ఒక్క ఎంక్వైరీ కూడా చేసుకోలేకపోయిన మనిషి, పాపం. మర్నాడు నా గేటుకు ఒక కాగితం అంటించి ఉంది. ఛార్జిషీటు. "మీ సంరక్షణలో ఉన్న గోధుమరంగు మగకుక్క అనుమతి లేకుండా పరాయి ఆవరణలో ప్రవేశించి" అని మొదలై, ఏడు రోజుల్లోగా జవాబివ్వాలని ముగిసింది. నేరం రుజువైతే శిక్ష కూడా అందులోనే ఉంది. పామిడికి బదిలీ. అక్కడ పెన్న ఒడ్డున డ్రైవరన్న బామ్మర్దికి దానిమ్మ తోట ఉంది. కావలికి గొలుసేసి కట్టేస్తారట.

గొలుసు అన్నచోట నా నవ్వు ఆగిపోయింది. ఒకసారి టీకా వేయించడానికి గంటసేపు తాడు కడితేనే వాడు రెండు రోజులు సంగటి ముట్టలేదు. గొలుసుతో వాడు బతకడు. వాడు లేకపోతే ఈ ఇంట్లో నేను ఎలా ఉండాలో నాకూ తెలియదు.

అయినా జవాబు ఇవ్వకపోతే ఎలా? తెల్లకాగితం మీద "నేను నిర్దోషిని. నాకు చదువు రాదు గనక ముద్ర వేస్తున్నాను" అని రాసి, స్టాంపు ప్యాడు మీద మావాడి కాలు అద్ది కింద వేయించాను. మాస్టరు గారు అద్దాలు సర్దుకుని చదివారు. నవ్వితే ఒట్టు. "ఎడమ కాలో కుడి కాలో రాయలేదమ్మా మీరు" అని ఫైల్లో పెట్టుకున్నారు.

వీధి చివరి వాటర్ ప్లాంటు ముందు కుర్చీలేసి ఎంక్వైరీ మొదలుపెట్టారు. నేను లేచి అడిగాను.

"కండ్లతో చూసినోళ్లు ఎవరన్నా ఉండారా సార్? సాక్ష్యం లేకుండా బదిలీ యాడైనా ఉండాదా?"

"సాక్ష్యం ఎందుకు లేదు?" అన్నాడు డ్రైవరన్న. "మా అల్లుడుండే బెంగుళూరులో కుక్కల డీఎన్ఏ చూసే కంపెనీ ఉండాదంట. నోట్లో ఉమ్మి పంపిస్తే చాలు, తండ్రి ఎవరైందీ చెప్పేస్తారంట."

కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. సాక్ష్యం కావాలని అడిగింది నేనే, వద్దనడానికి వీల్లేదు.

పది రోజులకు పెట్టె వచ్చింది. చివర దూది ఉన్న పొడుగాటి పుల్లలు, కవర్లు. తల్లి నుంచి, రెండు పిల్లల నుంచి, నిందితుడి నుంచి ఉమ్మి తీయాలి. అరగంట ముందు నుంచి తిండీ నీళ్లూ పెట్టకూడదు. చెంప లోపల అర నిమిషం పుల్ల తిప్పి, ఆరబెట్టి, కవర్లో పెట్టాలి. అల్లుడు ఫోన్లో శాస్త్రం కూడా చెప్పాడు. పిల్లలో ప్రతి గుర్తూ జంటగా ఉంటుందట, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. తల్లిలో కనబడనిది తండ్రిలో కనబడి తీరాలట. ఇక మావాడు దొరికిపోయినట్టే.

మావాడు పరాయివాళ్లను నోట్లో చెయ్యి పెట్టనివ్వడు. అందుకని నన్నే ఇంట్లో తీసి, కవరు అంటించి ఇవ్వమని మాస్టరు గారు లిఖితపూర్వకంగా అనుమతి ఇచ్చారు. బుద్ధి అప్పుడు పుట్టింది.

మాస్టరు గారిది తెల్ల బొచ్చు పామరేనియన్. రోజుకు రెండుసార్లు తాడు కట్టి ఇంటి ఆవరణలోనే తిప్పుతారు. "మావానికి గేటు బయట ఏముండాదో కూడా తెల్దు" అని ఆయన గొప్ప. వాళ్ల పెరటికీ మా పెరటికీ ఒకటే గోడ. ఆ గోడకు ఆనుకుని అటుపక్క బట్టలుతికే బండ ఉంది. ఆ తెల్లోడు రోజూ బండెక్కి గోడ మీద మూతి పెడతాడు, నేనో బిస్కెట్టు పెడతాను. ఆ పొద్దున బిస్కెట్టుకు ముందు చెంపలో పుల్ల తిప్పాను. బుద్ధిగా నోరు తెరిచాడు పాపం. కవరును నాలుకతో తడిపి అంటించబోయి, నా ఉమ్మి కలిసి ఆ పిల్లలకు తండ్రిని నేనే అని వస్తుందేమోనని భయమేసి, నీళ్లతో తడిపాను. పైన "గోధుమరంగు మగకుక్క" అని గుండ్రంగా రాశాను.

గేటు దాటని కుక్క తండ్రెలా అవుతుంది? కాదనే వస్తుంది. మావాడు బయటపడతాడు, ఎవరికీ ఏ నష్టమూ లేదు. మూడు వారాలు హాయిగా నిద్రపోయాను.

మూడు వారాల తర్వాత డ్రైవరన్న ఫలితం ప్రింటు తీయించి తెచ్చాడు. మళ్లీ వాటర్ ప్లాంటు, మళ్లీ కుర్చీలు. మాస్టరు గారు లేచి నిలబడి చదివారు. "పరీక్షించిన మగకుక్కను తండ్రి కాదని తోసిపుచ్చలేము. అన్ని గుర్తులూ సరిపోయినవి."

"చెప్పలేదా నేను!" అని డ్రైవరన్న తొడ కొట్టాడు.

మావాడి ఉమ్మి బెంగుళూరు పోనే లేదే! కాగితం లాక్కున్నాను. నిండా అంకెలు. రిజర్వేషన్ చార్టులు చదివిన కళ్లు గదా, వరసగా వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. పిల్లలో ఉండి తల్లిలో లేని అంకె ప్రతిచోటా ఆ మగకుక్క గడిలో ఉంది. అంటే ఆ తెల్లబొచ్చు పెద్దమనిషి బండెక్కేది నా బిస్కెట్టు కోసం మాత్రమే కాదన్నమాట. మా పెరట్లోకి దూకితే డ్రైవరన్న పెరడు నాలుగడుగులు, మధ్య గోడ మోకాలెత్తే. పామరేనియన్ తోక కూడా వంకరే. ఆ బొచ్చు మధ్యలో ఎవరం దాన్ని తోకగా చూడలేదు. కంచే చేను మేసింది, ఆ కంచె యజమాని ఎదురుగా నిలబడి తీర్పు చదువుతున్నాడు. నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది.

అది గొంతు దాకా వచ్చి ఆగింది. మావాడు ఏ తప్పూ చేయలేదు. ఆ మధ్యాహ్నం ఎక్కడో నాలుగు కుక్కలు కలిసి కరిచి ఉంటాయి. తప్పు చేసినవాడి మొహమని నేను అనుకున్నది నొప్పి. మంచం కింద దూరితే నేను చూసి మందు పూయాల్సింది, పూయలేదు. డ్రైవరన్న వచ్చి అడిగాక మాత్రం, ఆ మధ్యాహ్నానికీ పిల్లలు పుట్టిన రోజుకీ లెక్క సరిపోయిందా లేదా అని వేళ్లు లెక్కపెట్టుకున్నాను.

ఆదివారం బదిలీ అన్నారు. మూడు రోజులు టైముంది. ఆ మూడు రోజులూ నేను నోరు విప్పలేదు. పక్కవాళ్ల గుర్తింపు కార్డు పెట్టి రాయితీ టికెట్టు అడిగినవాళ్లను కౌంటర్లో ఎంత కడిగిపారేశానో నాకు గుర్తుంది. ఇప్పుడు నేనే వెనకింటి కుక్క ఉమ్మి పెట్టానని ఏ మొహంతో చెప్పాలి? కంపెనీ పొరపాటంటే పోదా, రెండోసారి పంపమంటే పోదా అని అబద్ధాలు వెతుక్కుంటూ కూర్చున్నాను. సిగ్గు ఇంత పనిచేయిస్తుందని నాకు అరవై మూడేళ్లకు తెలిసింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆటో వచ్చింది. డ్రైవరన్న గొలుసు తెచ్చాడు గాని, దాన్ని వీపు వెనక పెట్టుకున్నాడు. "నీళ్లుండాయి, నీడుండాది అక్కా. బాగా చూసుకుంటారు" అన్నాడు నా కళ్లల్లోకి చూడకుండా. మాస్టరు గారు నా సంతకానికి కాగితం తెచ్చారు. మావాడికి ఆటో అంటే పిచ్చి. ఎవరూ పిలవకముందే ఎగిరి ఎక్కి, సీటు మీద కూర్చుని, నా వైపు చూశాడు.

"ఆపండి" అన్నాను. "ఆ ఉమ్మి వీనిది కాదు సార్."

"మరెవరిది?"

"మీ కుక్కది."

మాస్టరు గారు "అసాధ్యం, మావానికి గేటు బయట..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. బండ సంగతి చెప్పాను, బిస్కెట్టు సంగతి చెప్పాను. డ్రైవరన్న ఆయన మొహం చూశాడు, నా మొహం చూశాడు, ఆటోకు ఆనుకుని కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. తర్వాత కొన్నాళ్లకు మాస్టరు గారు ఆ పిల్లల్లో ఒకదాన్ని "బాధ్యత" అంటూ ఇంటికి తెచ్చుకున్నారు. మిగతావి కూడా మంచి ఇళ్లకే పోయాయి. గొలుసు ఏమైందో నేను అడగలేదు.

కాని ఆ పొద్దున మాస్టరు గారు నవ్వలేదు, కోప్పడలేదు. జేబులోంచి పెన్ను తీశారు. ఎంక్వైరీ ఇంకా ముగియలేదు.

"నిర్దోషి అని రాసిచ్చింది మీరే గదమ్మా. మరి వానిదే పంపకుండా ఎందుకు మార్చినారు?"

ఏ అబద్ధమూ దొరకలేదు.

"మావాడే చేసినాడనుకున్యా సార్."

ఆయన రాయబోయి, పెన్ను మూసేశారు. ఆటో వైపు తిరిగాను. వాడు ఇంకా సీటు మీదే కూర్చుని ఉన్నాడు. వాణ్ని పంపించేస్తున్నామని వాడికి అనుమానమే రాలేదు. నేను దగ్గరికి పోయేసరికి, నేనూ వస్తున్నాననుకుని కొంచెం పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.